స్వల్ప మరమ్మతు

మా బావను బ్యాచ్‌లన్నీ గోడమాస్టారు అని పిలిచేవి. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆయనకీ తెలుసు. గోడలకి చెవులుంటాయని ఊరికే అనలేదర్రా అని నవ్వేసేవాడు. మంటలార్పేవాళ్ళకి, కూలిన ఇళ్ళ కింద నుంచి మనుషుల్ని తీసేవాళ్ళకి, వరదలో పడవ వేసుకుని వెళ్ళేవాళ్ళకి తర్ఫీదు ఇచ్చే కేంద్రానికి ఆయన పదకొండేళ్ళు పెద్ద. నేను అదే కేంద్రంలో గుమాస్తాని. అక్క మొగుడు పెద్ద కుర్చీలో, తమ్ముడు చిన్న కుర్చీలో. చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారో చెప్పక్కర్లేదు. అనుకున్నది నిజమే. ఆయన ఒక మాట వేస్తేనే నాకు ఆ చిన్న కుర్చీ దొరికింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా బావ బతికే ఉన్నాడు, అప్పుడే ఆయన కళ్ళు కొలిచేవాళ్ళు బయల్దేరారు. ఎంత నిజాయితీ, ఎంత క్రమశిక్షణ, పాపం ఒక్క పొరపాటు అంటూ. ఆయన కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఆయన వస్తుంటే పక్క సందులోకి తప్పుకున్నవాళ్ళే వీళ్ళంతా. నేను మెచ్చుకోను. జరిగింది చెబుతాను. అది పూర్తిగా తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు నోరు విప్పరు.

బావ ఇరవై రెండేళ్ళు మంటల్లోకి వెళ్ళొచ్చిన మనిషి. ఎడమ చెవి పై అంచు కాలి ముడుచుకుపోయి ఉండేది. ఒకచోట మెట్లు కూలి మోకాలు చెడ్డాక, పెద్దాఫీసు వాళ్ళు ఆయన్ని ఈ కేంద్రానికి పంపారు. కూర్చుని చేసే పని, హాయిగా ఉంటుంది అన్నారట. ఆ హాయి ఆయనకి వారం రోజులు కూడా వంటబట్టలేదు. అంతకుముందు అక్కడ తర్ఫీదు అంటే పొద్దున ఒక ఉపన్యాసం, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం ఒక సర్టిఫికెట్. బావ వచ్చిన రెండో రోజే ఆ ఉపన్యాసాల పెద్దమనిషికి మాస్కు తగిలించి పొగలోకి పంపాడు. పెద్దమనిషి రెండు నిమిషాల్లో బయటికొచ్చి, దగ్గుతూనే సెలవు చీటీ రాసిచ్చాడు. మళ్ళీ రాలేదు.

మా కేంద్రంలో అన్నిటికంటే ముఖ్యమైనది పొగ ఇల్లు. ఒకప్పటి గోదాము అది. కిటికీలకి రేకులు కొట్టేసి, లోపల పాత బల్లలు, మంచాలు, బీరువాలు అడ్డదిడ్డంగా వేసి, యంత్రంతో పొగ నింపేవాళ్ళు. ఎక్కడో ఒక మూల ఇసుక కుక్కిన బొమ్మ, నిండు మనిషి బరువు. లోపలికి వెళ్తే నీ చెయ్యి నీకే కనిపించదు. అక్కడ బావ చెప్పే పాఠం ఒక్కటే, గోడ వదలొద్దు. కళ్ళు ఇంటి దగ్గర పెట్టి రండి, చేతులు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి అనేవాడు. ఇద్దరిద్దరు జట్టుగా వెళ్ళాలి. మొదటి జట్టు కుడిచెయ్యి గోడకి ఆనించి కుడివైపు తిరగాలి. రెండో జట్టు ఎడమచెయ్యి గోడకి ఆనించి ఎడమవైపు తిరగాలి. తలుపుకి ఎదురు గోడ దగ్గర రెండు జట్లూ కలుసుకోవాలి. అప్పుడు గది అంతా తడిమినట్టు.

వినడానికి ఇది పిల్లలాట. పొగలో గుండె దడదడలాడుతుంటే, మాస్కులో నీ ఊపిరే నీ చెవులు పగలగొడుతుంటే, ఆ ఆట ఎంతమంది ఆడగలరో నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు. ఒక్కసారి రారా బామ్మర్దీ, గోడ మీద పిల్లివి కదా, గోడంటే నీకు అలవాటేగా అని బావ ఏడిపించేవాడు. నాకు ఫైళ్ళ దుమ్ముకే దగ్గు వస్తుందని తప్పించుకునేవాణ్ణి.

కాగితాలంటే ఆయనకి ఒళ్ళుమంట. పొగ నాది, కాగితం నీది, ఎప్పుడో పంచేసుకున్నాంగా అనేవాడు. ఏ ఉత్తరమైనా నడుస్తూ చెప్పేవాడు, నేను వెంట నడుస్తూ రాసుకునేవాణ్ణి. టైపు చేసి తీసుకెళ్తే ఎక్కడుంటే అక్కడే, జీపు బానెట్ మీదో, నా వీపు మీదో పెట్టి సంతకం గీకేవాడు. ఒక్క అక్షరం చదివేవాడు కాదు. బావా, నీ ఆస్తి మొత్తం రాయించేసుకుంటున్నాను చూస్కో అని నేను వేళాకోళమాడితే, నా ఆస్తి మీ అక్కే, తీసుకుపో, నోరు కూడా కలిపి ఇచ్చేస్తున్నా అనేవాడు. అక్క వంటింట్లోంచి గరిటె చూపించేది. మేము ముగ్గురం అలా ఉండేవాళ్ళం.

ఆయన వచ్చిన ఏడో ఏడు వానలకి పొగ ఇంటి ఎడమ గోడ ఉబ్బింది. ఒకరోజు డ్రిల్లు మధ్యలో పైనుంచి పెళ్ళ ఊడి ఒకతని హెల్మెట్ మీద పడింది. అతనికేం కాలేదు. బావ అందర్నీ బయటికి పంపేసి, తనే లోపలికి వెళ్ళి, గోడని పిడికిలితో గుద్ది చూసి వచ్చి, గుమ్మం దాటగానే ఎడమవైపుకి అడ్డంగా పసుపు తాడు కట్టేశాడు. అటు ఎవరూ వెళ్ళకూడదు. దాంతో రెండో జట్టుకి దారి లేకుండా పోయింది. వాళ్ళని కూడా మొదటి జట్టు వెనకే కుడివైపు పంపడం మొదలైంది. గోడ కట్టేదాకా ఎలాగో నడవనీ, పొగ అన్నా అలవాటవుతుంది కదా అన్నాడు బావ.

ఆ సాయంత్రమే పెద్దాఫీసుకి ఉత్తరం చెప్పాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. "ఎడమ గోడ ఏ రోజైనా కూలుతుంది. రెండో జట్టుకి ఎడమచేతి వెతుకులాట నేర్పడం ఆగిపోయింది. ఈ స్థితిలో నేను సంతకం పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ సగం అబద్ధం. గోడ వెంటనే కట్టించండి, లేదా తర్ఫీదు ఆపెయ్యమని నాకు రాసివ్వండి."

రాసుకుని నా గదికి వెళ్ళి కూర్చున్నాను. టైపు చెయ్యడానికి చేతులు రాలేదు. మా కేంద్రాన్ని మూసేసి దూరంగా ఉన్న పెద్ద కేంద్రంలో కలిపెయ్యాలని పెద్దాఫీసు వాళ్ళు రెండేళ్ళుగా కాచుక్కూర్చున్నారు. పొగ ఇల్లు లేని కేంద్రానికి గుర్తింపు ఉండదు. అలాంటప్పుడు, ఆపెయ్యమని రాసివ్వండి అని మనమే అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. వాళ్ళు సంతోషంగా రాసిచ్చేవాళ్ళు. తొమ్మిది మందిమి ఉన్నాం. అందులో ఉద్యోగం ఇంకా ఖాయం కానివాళ్ళు నలుగురు, ఆ నలుగురిలో నేనొకణ్ణి. నా ఫైలు ఆ నెలలోనే కదలాల్సి ఉంది. అది కూడా చెప్పేస్తున్నాను, రేపు అసలు సంగతి దాచాడనకుండా.

నాకు ఆఫీసు భాష వచ్చు. ఏ మాట ఎటు వంచితే ఎవరికీ గుచ్చుకోదో తెలుసు. ఇలా టైపు చేశాను: "శిక్షణా గృహం ఎడమ గోడకు స్వల్ప మరమ్మతు అవసరమై ఉన్నందున తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది." ఒక్క వాక్యం. అందులో వెతికినా అబద్ధం దొరకదు. గోడ అక్కడే ఉంది, మరమ్మతు కావాల్సిందే. 'స్వల్ప' అన్న మాట ఒక్కటే నా సొంతం. బావ మెట్ల మీద కూర్చుని మోకాలు పట్టుకుంటున్నాడు. కాగితం మోకాలి మీదే పెట్టుకుని సంతకం చేశాడు. గట్టిగా రాశావా అని అడిగాడు. రాశాను బావా అన్నాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. పరిశీలనలో ఉన్నది, అని. స్వల్ప మరమ్మతుకి అంతకంటే ఏం జవాబొస్తుంది? నేను బావకి ఆ రెండు ముక్కలే చదివి వినిపించాను. ఆయన అవతలివాళ్ళని ఏడు తరాలూ కలిపి తిట్టాడు. ఆరు నెలలాగి మళ్ళీ ఉత్తరం చెప్పాడు, ఈసారి ఇంకా ఘాటుగా. "మనిషి ప్రాణం పోయాక వచ్చి గోడ ముందు ఫొటో దిగుతారా" అని కూడా రాయించాడు. నేను పాత ఉత్తరమే తీసి తేదీ మార్చాను. అలా నాలుగేళ్ళలో ఆరు ఉత్తరాలు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా అని బావ విసుక్కునేవాడు. అవతలివాడు చెవిటివాడో కాదో ఎవరికి తెలుసు? శంఖం నా సొరుగులోంచి బయటికి పోతేగా.

గోడ ఉబ్బిన రెండో ఏడు నా ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాతైనా అసలు ఉత్తరం పంపొచ్చు కదా అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. పంపితే, ఇన్నాళ్ళూ స్వల్పం అన్నావు, ఇవాళ కూలిపోతుందంటున్నావు, ఏది నిజం అని బావని నిలదీస్తారు. బావ నన్ను నిలదీస్తాడు. అడుసు తొక్కడం ఒక్కసారే కష్టం, తర్వాత కాలు కడుక్కోవడమే కష్టమనిపిస్తుంది. తొక్కుతూ పోయాను.

బావ మాత్రం ఊరికే కూర్చోలేదు. మైదానంలో గుంజలు పాతి, తాళ్ళు కట్టి, కళ్ళకి గంతలు కట్టించి రెండో జట్టుకి ఎడమవైపు నేర్పేవాడు. మొదటి ఏడాది నేర్పాడు. తర్వాత పెద్దాఫీసు వాళ్ళు బ్యాచ్‌కి ముప్పై మందిని కాస్తా అరవై చేసి, రోజులు సగం చేశారు. మైదానం పాఠం బోర్డు మీదికి వచ్చింది. సుద్దముక్కతో రెండు బాణాలు గీసి, ఇటు ఒక జట్టు, అటు ఒక జట్టు అని చెప్పి వదిలేసేవాడు. అది ఆయన తప్పు. ఆ తప్పు నేను మోయను. నాకున్నది నాకు చాలు.

ఆ బ్యాచ్‌లలో ఒకమ్మాయి ఉండేది. పొగలో ఎన్ని అంగలు వేసిందో పైకి లెక్కపెడుతూ నడిచేది, అందుకని అందరూ అంగలమ్మాయి అనేవాళ్ళు. బొమ్మని అందరికంటే ముందు దొరకబుచ్చుకుని, భుజాన వేసుకుని వచ్చేది. బావకి ఆమె అంటే ప్రాణం. ఇన్నేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క చెయ్యి అని అక్కతో చెప్పేవాడట. మరి మిగతా వాళ్ళవి కాళ్ళా అని అక్క అడిగేదట.

పదకొండో ఏడు, ఒక మధ్యాహ్నం, బట్టల దుకాణం పైఅంతస్తులో ఉన్న కుట్టుపని హాలు అంటుకుంది. మిషన్ల మీద ఉన్నవాళ్ళంతా కిందికి పరిగెత్తారు. తలలు లెక్కపెడితే ఒకరు తగ్గారు. కాజాలు కుట్టే ఆవిడ. అంగలమ్మాయి స్టేషన్ వాళ్ళే వెళ్ళారు. మొదటి జట్టు గుమ్మం దాటి కుడివైపు తిరిగింది. రెండో జట్టులో ముందు నడిచింది అంగలమ్మాయి. ఆమె కూడా కుడివైపే తిరిగింది. పొడుగాటి హాలు, నిండా మిషన్లు, గుడ్డల కట్టలు. చివరి మూల దగ్గర రెండో జట్టు వెళ్ళి మొదటి జట్టు వీపుకి కొట్టుకుంది. అప్పటికి సిలిండర్లలో గాలి అయిపోవస్తోందని గంటలు మోగాయి. నలుగురూ బయటికి రావాల్సి వచ్చింది. కాసేపటికి బండి డ్రైవరు ఇంకో మాస్కు పెట్టుకుని వెళ్తే, ఆవిడ అతని కాలికి తగిలింది. గుమ్మానికి ఎడమవైపు, నాలుగు అంగల దూరంలో ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం లేదు.

విచారణకి ముగ్గురు వచ్చారు. మా కేంద్రంలోనే, బావ గదిలోనే కూర్చున్నారు. వాళ్ళతో వచ్చిన టైపిస్టుకి జ్వరమొస్తే, మీ గుమాస్తా టైపు చేస్తాడు కదా అని నన్ను కూర్చోబెట్టారు. గుమాస్తాకి ఈ గొడవతో సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? గుమాస్తా అంటే బీరువా లెక్క. ఫైలు కూడా నేనే తెచ్చి బల్ల మీద పెట్టాను.

తేలాల్సింది ఒక్కటే. గోడ సంగతి తెలిసి పెద్దాఫీసు ఊరుకుందా, లేక మా బావ ఊరుకున్నాడా. ఆయన చెప్పినవి చెప్పినట్టు ఆ ఫైల్లో ఉంటే ఆయన తల ఎత్తుకుని బయటికి వచ్చేవాడు, ఆ ఉత్తరాలని తొక్కిపెట్టినవాళ్ళ తలలు దిగేవి. బావకి ఆ ధైర్యం ఉంది. ముందురోజు నాతో అన్నాడు, ఆరు ఉత్తరాలున్నాయిరా, ఇంకేం కావాలి, నీ ఫైలే నాకు గోడ అని. నేను తల ఊపాను.

ముందు అంగలమ్మాయిని పిలిచారు. రెండో జట్టు ఎడమవైపు వెళ్ళాలన్న నియమం తెలియదా అని కమిటీ పెద్ద అడిగాడు.

"తెలుసు సార్. పరీక్షలో రాశాను. పదికి పది వచ్చాయి" అంది. "కానీ గుమ్మం దాటాక చెయ్యి కుడిగోడ మీదికే పోయింది. ఎడమవైపు తాడుంటుంది కదా అనుకుంది."

"ఎవరనుకున్నారు?"

"చెయ్యి, సార్."

ఆయన నా వైపు తిరిగి, అది అలాగే రాయండి అన్నాడు. రాశాను. ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. లేచి వెళ్తూ బావకి దండం పెట్టింది, ఆయన తల దించేసుకున్నాడు.

తర్వాత బావ వంతు. గోడ సంగతి ఎప్పటి నుంచి తెలుసని అడిగారు. నాలుగేళ్ళుగా అన్నాడు. పైకి తెలియజేశారా అంటే, ఆరుసార్లు రాశాను, ఫైలు చూడండి అని నిటారుగా కూర్చున్నాడు. కమిటీ పెద్ద ఫైలు తిప్పి ఆయన ముందుకి జరిపాడు. ఇవేనా అని అడిగాడు.

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి ఉత్తరం చదివాడు. పేజీ తిప్పి రెండోది చదివాడు. మూడోదానికి వచ్చేసరికి వేలు 'స్వల్ప' దగ్గర ఆగింది. నేను మీటల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాను. ఆరూ చదివాడు. ఆరింటిలోనూ అదే వాక్యం. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నేను లేచి నిలబడేవాణ్ణేమో. ఇలా అనుకోవడం కూడా ఒక సాకే. అది నేను మార్చాను అని మూడు మాటలు చెప్పడానికి ఎవరూ చూడక్కర్లేదు.

"సంతకం మీదేనా?"

"నాదే."

"స్వల్ప మరమ్మతు అని మీరే రాయించారా?"

గదిలో గడియారం చప్పుడు కూడా లేదు, అది ఆగిపోయి ఏడాదైంది. బావ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సంతకం నాదైతే మాటా నాదే" అన్నాడు.

రాయండి అన్నారు. నేను రాశాను. అప్పటిదాకా తప్పుల్లేకుండా, ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసిన ఆయన మాట అదొక్కటే.

బయట పంపు దగ్గర ఆయన మొహం కడుక్కుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు చేశావని అడిగాడు. కేంద్రం మూసేస్తారని, తొమ్మిది మంది ఉద్యోగాలు పోతాయని చెప్పాను.

"నాకు చెప్పుంటే నేనే బస్సెక్కి వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చునేవాణ్ణి" అన్నాడు. "నాలుగేళ్ళు నేను ఎవరితోనో పోట్లాడుతున్నాననుకున్నాను."

నన్ను కాపాడావు బావా అని ఏదో అనబోయాను.

"నిన్ను కాదు. చదవకుండా సంతకం పెట్టినవాడు, చదవలేదని ఎలా చెబుతాడు? పొగలోకి పంపే పిల్లలకి చూడకుండా అడుగెయ్యొద్దని చెప్పిన నోరు ఇది." పంపు కట్టేశాడు. "మీ అక్కకి నువ్వే చెప్పు. నేను చెప్పను."

నేను చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడేళ్ళు గడిచాయి.

అధిపతి నిర్లక్ష్యం వల్లే శిక్షణలో లోపం జరిగిందని విచారణ తేల్చింది. బావని ఉద్యోగంలోంచి పంపేశారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కానీ, ఇక్కడ పాపం అంతా ఒక్కడి పిడికిట్లోనే పెట్టారు. ఇంతా చేసి, పేపర్లలో వచ్చింది కనక పెద్దాఫీసు వాళ్ళు పరువు కోసం పొగ ఇంటిని కొత్తగా కట్టించారు. గోడకి పట్టింది పన్నెండు రోజులు. కేంద్రం మూతపడలేదు సరికదా, ఇంకో భవనం వచ్చింది. కొత్త పెద్ద దొరికేదాకా ఎవరో ఒకరు కావాలి, నియమాలు కంఠతా వచ్చినవాడు నేనొక్కణ్ణే. దొంగ చేతికి తాళాలిచ్చారు. ఇన్‌ఛార్జిగా కూర్చున్నవాణ్ణి ఇప్పటికీ కూర్చునే ఉన్నాను. పొగలోకి ఒక్కసారీ వెళ్ళనివాడు పొగ ఇంటికి అధిపతి. అంగలమ్మాయి ఉద్యోగం మానేసింది, ఎక్కడుందో తెలియదు.

బావ నాతో మాట్లాడడం మానేస్తే బాగుండేది. మానలేదు. ఇంటికి వెళ్తే కుర్చీ చూపిస్తాడు. కూర్చోండి అంటాడు. టీ తీసుకుంటారా, వాన వచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నారా అంటాడు. బావమరిదిని మీరు అనే బావని నేనెక్కడా చూడలేదు. అక్క మొదట్లో వేళాకోళమనుకుంది. తర్వాత, నువ్వు పెద్ద సీట్లో ఉన్నావని ఆయనకి బిడియంరా, ఏమనుకోకు అని నాకే సర్దిచెప్పింది.

పోయిన నెలలో అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. కొత్త పాఠ్యక్రమంలో ఈ సంగతి ఒక పాఠంగా పెట్టారని ఎవరో చెప్పారట. నిజమే. కేంద్రాల బాధ్యత తీసుకోబోయే వాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం అది. ఊరూ పేరూ ఉండవు, 'ఒక కేంద్రాధిపతి' అని మాత్రమే ఉంటుంది. కానీ ఆ శాఖలో అది ఎవరో తెలియనివాడు లేడు. చెప్పాల్సినవాణ్ణి నేను.

"నువ్వు పైవాళ్ళకి ఒక్క ఉత్తరం రాయరా" అంది అక్క. "ఆయన అలాంటివాడు కాదని నీకు తెలుసు. నీకంటే ఎవరికి తెలుసు? ఆ పాఠం తీసెయ్యమని రాయి. చచ్చేదాకా ఆయన్ని ప్రతి బ్యాచ్ ముందూ నిలబెట్టి తిట్టిస్తారా?"

రాస్తాను అక్కా అన్నాను. కిటికీలోంచి లోపల బావ కనిపిస్తున్నాడు. పేపరు పట్టుకుని ఉన్నాడు, తిప్పడం లేదు. విన్నాడు.

నిజంగానే రాయడానికి కూర్చున్నాను. తలుపు వేసుకుని, ఆయన మొదటి రోజు చెప్పిన నాలుగు వాక్యాలూ చెప్పినవి చెప్పినట్టు టైపు చేశాను. కింద, ఈ మాటల్ని మార్చి పంపినవాణ్ణి నేను, అని రాశాను. సంతకం ఒక్కటి పెడితే అయిపోయేది. నాకు ఇంకా నాలుగేళ్ళ ఉద్యోగం ఉంది. అక్క మొహం ఉంది. రేపు పెడదామని సొరుగులో పెట్టాను.

మర్నాడు కొత్త బ్యాచ్. ముప్పై రెండు మంది, అందరూ రేపు ఎక్కడో ఒక కేంద్రానికి పెద్దలు కాబోయేవాళ్ళు. పాఠం చెప్పాను. గోడ, తాడు, రెండు జట్లు, కాజాలు కుట్టే ఆవిడ, ఆరు ఉత్తరాలు. తెర మీద ఉత్తరం కూడా చూపించాను, పాఠంలో భాగం అది. ముందు వరసలో ఒక నడివయసు ఆవిడ చెయ్యెత్తింది. తను కూడా పదిహేనేళ్ళు మంటల్లో పని చేసి వచ్చానంది. నాకొక్కటి అర్థం కావడం లేదు సార్ అంది.

"అంత అనుభవం ఉన్న మనిషి, గోడ కూలేలా ఉందని ఆయనకి తెలియలేదా? లేక తెలిసే స్వల్పం అని రాశాడా?"

ముప్పై రెండు మంది నా మొహం వైపు చూస్తున్నారు.

"తెలిసుంటే గట్టిగా రాసేవాడు కదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. అందరూ తలలు వంచి పుస్తకాల్లో రాసుకున్నారు.